దారం కట్టిన ఫైళ్లు

హన్మకొండ అవతల ఉన్న ఆ మిషన్ దవాఖానకు కంప్యూటర్ వచ్చిన రోజున రికార్డు గదిలో నిలబడటానికి చోటు లేదు. ఇది లెక్కలు చేస్తుందా అని ఒకరు, పాటలు పాడుతుందా అని ఒకరు, కరెంటు పోతే ఇందులోని పేర్లన్నీ చచ్చిపోతాయా అని ఇంకొకరు, తలా ఒక ప్రశ్న అడిగి పోయారు. ముప్పై ఏళ్లుగా ఆ గదిని కనిపెట్టుకుని ఉన్న గుమాస్తా దీనమ్మ మాత్రం అందరూ పోయేదాకా ఆగింది. కొత్తగా చేరిన ఆపరేటర్ లిదియా దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

"బిడ్డా, దీనికి దారం ఏడ గట్టాలె?"

లిదియాకు నవ్వొచ్చింది. నవ్వేసింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత చాలాకాలం ఆమెకు సిగ్గేసేది.

అది 1988. లిదియాకు ఇరవై మూడేళ్లు. చౌరస్తా దగ్గర మేడ మీది సెంటర్లో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుంది. ఎక్కడో బయటిదేశపు సంఘం వాళ్లు దవాఖానకు మిషను దానమిస్తే, దాన్ని నడిపే మనిషి కావలసి వచ్చి, పాస్టరుగారి మాట మీద లిదియాకు ఆ పని దొరికింది. పని దొరికినందుకు ఇంట్లో ప్రార్థన పెట్టించిన తల్లే, ఆ సాయంత్రం కూతుర్ని పక్కకు పిలిచి, అక్కడ మంచినీళ్లు కూడా ముట్టకు అని చెప్పింది. ఎందుకంటే అది పెద్దరోగం దవాఖాన, కుష్ఠు వచ్చినవాళ్లది. ఆ పేరు ఎత్తితే చాలు, వరంగల్‌లో రిక్షావాళ్లు కూడా గేటుకు ఇరవై అడుగుల ఇవతలే దింపేసేవాళ్లు.

లిదియా తల్లి మాట జవదాటలేదు. నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకునేది. రోగుల బెంచీ మీద ఎన్నడూ కూర్చోలేదు. పాత ఫైళ్ల కట్ట ఒకటి ముట్టుకుంటే చాలు, వెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చేది. ఒక్క దీనమ్మ దగ్గర మాత్రం ఈ మడి లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పేవాళ్లు. దీనమ్మ తెచ్చిన సర్వపిండిని లిదియా అడక్కుండానే తుంచుకుని తినేది. ఆమె రోగి కాదు కదా, గుమాస్తా. యాభై దాటిన మనిషి, కాశిబుగ్గ నేతవాళ్ల ఇంటి ఆడబిడ్డ, ఆదివారం గుడిలో ముందు వరుసలో కూర్చుంటుంది. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం కొక్కెంలాగ లోపలికి వంగి ఉండేది. చిన్నప్పుడు మగ్గంలో పడి నలిగిందని చెప్పేది.

దారం సంగతి ఏమిటో దీనమ్మ ఆ మొదటి వారంలోనే విప్పి చెప్పింది.

ఆ దవాఖానలో రోగికో ఫైలు. మందుకు రావలసిన రోజు రాకపోతే ఇంటికి ఒక పోస్టుకార్డు పోతుంది. ఫలానా తేదీన వచ్చి మందు తీసుకోండి, కింద దవాఖాన ముద్ర. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ ఉండదు. కానీ ఆ ముద్ర ఒక్కటి చాలు. కార్డు అన్నది పదిమంది చేతుల్లో తిరిగేది, పదిమందీ చదివేది. అందుకని ఇంట్లోవాళ్లకు తెలియకుండా మందు తింటున్న వాళ్ల ఫైళ్లకు, పై మూలన ఉన్న చిల్లులో, దీనమ్మ ఒక తెల్లటి నూలుపోగు కట్టేది. మగ్గం మీద తెగిన పోగులను కలిపేటప్పుడు నేతవాళ్లు వేసే సన్నటి ముడి. తెలియనివాళ్లకు అది అట్టకు అంటుకున్న పోగులాగే కనిపిస్తుంది. దారం ఉన్న ఫైలుకు కార్డు రాయకూడదు. ఈ నియమం ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

"రాసి పెట్టుకోవచ్చు గద పెద్దమ్మా, ఒక లిస్టు లాగ," అంది లిదియా.

"రాసింది ఎవలన్న సదువుతరు. దారాన్ని సదువరాదు."

దీనమ్మ ఆ మాట మీదే సుగుణ కథ చెప్పింది. 1972లో జరిగింది. హన్మకొండ బజార్లో బట్టల దుకాణం వాళ్ల కోడలు సుగుణ. పల్లెలో తల్లికి బాగాలేదని చెప్పి నెలకోసారి వచ్చి మందు తీసుకుపోయేది. ఆమె ఫైలుకు కట్టిన దారాన్ని ఎలుక కొరికింది. ఆ నెల సుగుణ రాలేదు, కార్డు పోయింది. పోస్టుమాన్ దాన్ని దుకాణంలో ఇచ్చాడు. అక్కడి గుమాస్తా బేరాలకు వచ్చిన వాళ్ల ముందే పైకి చదివాడు. సాయంత్రానికి సుగుణను, ఆమె ట్రంకుపెట్టెను రిక్షా ఎక్కించి దవాఖానకు పంపేశారు. మూడేళ్ల కొడుకును మాత్రం పంపలేదు.

"రోగం రెండేండ్లల్ల తగ్గింది. మనిషి మాత్రం గీ ఆడోళ్ల వార్డులనే ఆరేండ్లు ఉండి సచ్చిపోయింది. కొడుకును మల్ల సూడలే," అంది దీనమ్మ. "కార్డు రాసింది నేనే. దారం లేదేందని ఒక్కసారన్న ఆలోచన చేయలే."

అప్పుడు గాని లిదియాకు ఆ మొదటి ప్రశ్నలో ఉన్న బరువు తెలియలేదు. కాగితం ఫైలును మిషన్లోకి ఎక్కించడమంటే లోపలి రాతను ఎక్కించడమే. పైన కట్టిన పోగును ఏ అక్షరంగా కొట్టాలి? ప్రతి ఫైలు చివరా "కార్డు పంపవద్దు" అని ఒక వాక్యం చేరుద్దామంది. దీనమ్మ ఒప్పుకోలేదు. మందు లెక్క చూడటానికి ఫైలు తెరిచిన ప్రతివాడూ ఆ వాక్యం చదువుతాడు, చదివినవాడు ఆగడు అంది. పాపం ఆమె చెప్పింది నిజమే. ఆ దవాఖానలో కంపౌండర్ చెవిన పడ్డ మాట సాయంత్రానికి కాజీపేట దాకా పోయేది.

రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక లిదియాకు సెంటర్లో సారు ఒక పూట చెప్పి వదిలేసిన సంగతి గుర్తొచ్చింది. కంప్యూటర్లో ఫైలుకు లోపలి రాత వేరు, పైన ఉండే లక్షణం వేరు. నల్లటి తెర మీద అట్రిబ్ అని కొట్టి, ప్లస్ ఆర్ అని చేర్చి, ఫైలు నంబరు ఇస్తే, ఆ ఫైలుకు ఒక గుర్తు పడుతుంది. లోపల ఒక్క అక్షరం మారదు. తెరిచి చదివితే ఏమీ కనిపించదు. ఉత్త అట్రిబ్ అని కొట్టి జాబితా అడిగితేనే, ఆ నంబరు పక్కన ఆర్ అనే ఒక్క అక్షరం కనబడుతుంది. ఈ ఫైలును చదవొచ్చు గాని మార్చకూడదు అని దాని అసలు అర్థం. వీళ్లిద్దరికీ మాత్రం అది దారం.

దీనమ్మ కళ్లద్దాలు సర్దుకుని తెరకు ముక్కు ఆనించి చూసింది.

"మరి వాళ్లు మందుకొచ్చినప్పుడు అండ్ల రాయాల్నంటే?"

"మైనస్ ఆర్ అని కొడితే గుర్తు పోతది. రాసినంక మళ్ల ప్లస్ ఆర్."

"అంటే విప్పుడు, రాసుడు, ముడేసుడు. మనం చేసే పనే." మొదటిసారి ఆ మిషను వంక కొంచెం ప్రేమగా చూసింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. దారం ఫైలు ఏది తెరిచినా, మళ్లీ ముడి పడేదాకా దీనమ్మ లిదియా కుర్చీ వెనక నుంచి కదిలేది కాదు. తెర మీద ఆర్ కనిపిస్తేనే "ఆఁ" అని వెళ్లేది. మార్చి నెలాఖరుకు మూడువందల పన్నెండు ఫైళ్లు మిషన్లోకి చేరాయి. వాటిలో గుర్తు ఉన్నవి నలభై ఒకటి. ఇక కాగితం ఫైళ్లు అక్కర్లేదని, చెదలు పట్టిన ఆ కట్టలన్నిటినీ పెద్ద డాక్టరు దావీదుగారు బట్టలుతికే గది వెనక పొయ్యిలో వేయించారు. పొయ్యిలో పడేముందు దీనమ్మ ఒక్కో ఫైలు మూల నుంచి దారం కత్తిరించి, తన సూదుల డబ్బాలో దాచుకుంది. ఎందుకని లిదియా అడిగితే, ముప్పై ఏండ్ల ముడులు బిడ్డా, కాలవెట్ట బుద్ధి గాలే అంది.

జూన్‌లో కరెంటు ఆటలాడటం మొదలుపెట్టింది. మిషను లోపలి డిస్కు గరగరమనసాగింది. హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చి చూసి, డిస్కు మార్చాలి, ముందు అన్నీ ఫ్లాపీల మీదికి ఎక్కించుకోండి అన్నాడు. లిదియా కాపీ కొట్టింది. కొత్త డిస్కు వచ్చాక మళ్లీ కాపీ కొట్టి అన్నీ వెనక్కి దింపింది. మూడువందల పన్నెండూ వచ్చాయి. ఒక్కోటి తెరిచి చూసుకుంది. ఒక్క అక్షరం పోలేదు. డాక్టరుగారు శభాష్ అన్నారు. లిదియా ఆ రోజు ఇంటికి గాలిలో తేలుతూ వెళ్లింది.

జూలై మొదటి వారంలో డాక్టరుగారు ఇద్దర్నీ పిలిచారు. కొత్త మందులు వస్తున్నాయి, మూడు రకాలు కలిపి ఇచ్చేవి. ఏళ్ల తరబడి మింగే అవసరం ఉండదు. మందు రోజు కూడా గురువారం నుంచి మంగళవారానికి మారుతోంది. పదిహేను రోజుల్లో మొదటి మంగళవారం.

"పాత కొత్త తేడా లేదు. ఎప్పుడో నయమై పోయినవాళ్లను కూడా ఒకసారి చూడాలి. అందరికీ కార్డులు పోవాలి, సోమవారం కల్లా," అన్నారు. తలుపు దాకా వెళ్లిన దీనమ్మను చూసి, "నీవాళ్ల సంగతి నీకు తెలుసు కదా దీనమ్మా," అని చేర్చారు. దారాలున్నాయని ఆయనకు తెలుసు. ఎవరివో ఎన్నడూ అడగలేదు, పెద్దమనిషి.

శనివారం పొద్దున లిదియా కార్డుల కట్ట పక్కన పెట్టుకుని, ఎవరికి రాయకూడదో చూసుకుందామని అట్రిబ్ కొట్టింది. నంబర్లు తెర మీద పైకి పాకాయి. నంబరు పక్కన ఆర్ కనిపించలేదు. మళ్లీ కొట్టింది. ఒకటి నుంచి మూడువందల పన్నెండు దాకా ఒక్కదాని పక్కనా ఆర్ లేదు.

సెంటర్ పుస్తకం తీసి పేజీలు తిప్పింది. ఎక్కడో ఒక మూల ఒక్క వాక్యం ఉంది. కాపీ అనేది ఫైలులోని రాతను మాత్రమే మోస్తుంది, ఈ గుర్తును మోయదు. డిస్కు నుంచి ఫ్లాపీకి ఎక్కించిన నిమిషమే నలభై ఒక్క ముడులూ ఊడిపోయాయి. ఊడదీసింది తనే. శభాష్ అనిపించుకుని ఇంటికి పోయింది కూడా తనే. కాగితాలు కాలిపోయాయి, జాబితా లేదు. ఇప్పుడు దారం ఉన్నవాళ్లెవరో, లేనివాళ్లెవరో ఆ మిషనుకు ఒక్కటే.

వెళ్లి దీనమ్మకు చెప్పింది. తిడుతుందనుకుంది. దీనమ్మ తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎలుక కొరికినా గంతే, నువ్వు చేసినా గంతే. ఏడ్వకు. నేను చెప్తా, నువ్వు గట్టు."

కళ్లు మూసుకుంది. వేళ్లు ఒళ్లో ముడి వేస్తున్నట్టు కదలసాగాయి.

"మరిపెడ. లారీ నడిపే కట్టయ్య. పెండ్లాం పేరు సమ్మమ్మ, ఆమెకు తెల్వది. కట్టినవా?"

లిదియా పేరు వెతికి, నంబరు చూసి, ప్లస్ ఆర్ కొట్టింది. "కట్టిన."

"కేసముద్రం. మార్కెట్ యార్డుల పత్తి బస్తాలు మోసేటాయన. ఎర్ర తువ్వాల. పేరు... పెద్ద రాయమల్లు. తెలిస్తే పనికి పిలువరు."

"కట్టిన."

బస్సు దారుల వెంట నడిచినట్టు ఒక్కో ఊరూ తిరిగింది దీనమ్మ. మనుషుల పేర్లు ముందు రాలేదు, వాళ్ల గొంతులు, గాజులు, నడకలు వచ్చాయి. వాటి వెనకాల పేర్లు వచ్చాయి. ఒక పంతులమ్మ. ఒక కండక్టర్. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒక్కోసారి ఒక పేరు రావడానికి పావుగంట పట్టేది. సాయంత్రం నాలుగున్నరకు నలభై అయ్యాయి. దీనమ్మ కళ్లు తెరిచింది.

"ఇగ అయినయి."

"ఒకటి తక్కువున్నది పెద్దమ్మా. నలభై ఒకటుండె."

"నువ్వు తప్పు లెక్కవెట్టినవ్. నలభయ్యే."

"నెలనెలా తెర మీద లెక్కవెట్టేదాన్ని. నలభై ఒకటి."

"నా పానానికి తెలుసు బిడ్డా. నలభయ్యే. కార్డులు రాయి." దీనమ్మ సంచీ తీసుకుని, ఆమె వంక చూడకుండా వెళ్లిపోయింది.

ఆదివారం గుడిలో లిదియా నోరు పాటలు పాడింది గాని మనసు అక్కడ లేదు. నలభై ఒకటో మనిషి ఎవరు? ఏ ఇంట్లో ఉంది, ఏ దుకాణంలో ఉంది? బుధవారం ఏ పోస్టుమాన్ ఎవరి చేతికి ఇస్తాడు? కళ్లు మూసుకుంటే ఎన్నడూ చూడని సుగుణ, ట్రంకుపెట్టె మీద కూర్చుని కనిపించింది. తను ఒక మనిషి ఇల్లు కూల్చబోతోందని లిదియాకు స్పష్టంగా తెలుసు. ఎవరి ఇల్లో తెలియకపోవడమే నరకంగా ఉంది. ఆ రాత్రి కంటికి కునుకు పట్టలేదు.

సోమవారం పొద్దున లిదియా, దీనమ్మ రాకముందే రికార్డు గదికి వచ్చి, బల్ల సొరుగు తీసి, సూదుల డబ్బా తెరిచింది. దారాలను ఒక్కొక్కటిగా తెల్లకాగితం మీద పరిచింది. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది. నలభై ఒకటే. అన్నిట్లోకీ ఒకటి బాగా పాతది, పసుపురంగుకు తిరిగి ఉంది.

పదింటికి డాక్టరుగారు కార్డులేవి అని మనిషిని పంపారు. మధ్యాహ్నం కల్లా ఇస్తానని చెప్పి పంపింది. పన్నెండుకు ఇంకోసారి అడిగించారు. ఒంటిగంటకు దీనమ్మ ఎప్పటిలాగే డబ్బా విప్పి, సర్వపిండి తీసి మూత మీద పెట్టింది. లిదియా దాని జోలికి పోలేదు.

"పెద్దమ్మా, దారాలు లెక్కవెట్టిన. నలభై ఒకటున్నయి."

దీనమ్మ చేయి ఆగింది.

"నేను డాక్టర్ సారుకు చెప్పేస్త. తప్పు నాది, కార్డులు ఒక్కటి గూడ పోవద్దని చెప్త. పని తీసేస్తే తీసేయనీ. ఇంకొక సుగుణను నేను చేయలేను."

"కార్డులు పోకపోతే రెండువందల డెబ్బయ్ ఒక్కమందికి మందు అందది బిడ్డా. రోజు మారిందని వాళ్లకెట్ల తెలుస్తది? గురువారమొచ్చి, గేటు సూసి, మర్లిపోతరు. కొందరు మల్ల రారు."

"మరి ఆ ఒక్కరు?"

దీనమ్మ కిటికీ వైపు తిరిగింది. బయట రోగుల వంటశాల ముందు ఎవరో పళ్లాలు కడుగుతున్నారు.

"ఆ ఒక్క కార్డు పోస్టుకు పోకముందు నేనే తీసేస్తననుకున్న. అందుకే నిన్ను తిప్పలవెట్టిన, తప్పు నాదే. నూట పద్దెనిమిది తియ్యి."

లిదియా కుర్చీ తిప్పుకుని నంబరు కొట్టింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. పేరు చిలుకమ్మ. వయసు పంతొమ్మిది. తండ్రిది నేతపని, కాశిబుగ్గ. చేరింది 1954. ఎడమచేతి చిటికెన వేలు వంగింది, స్పర్శ లేదు. 1959లో మందు ఆపారు, నయమైంది. ఆ తర్వాత ఏటా ఒక పరీక్ష.

మార్చిలో ఈ వాక్యాలను కొట్టింది లిదియానే. ఆ రోజు ఇరవై ఫైళ్లు ఎక్కించింది, ఏ వాక్యమూ తలకెక్కలేదు. ఇప్పుడు చిటికెన వేలు దగ్గర చూపు ఆగిపోయింది. మెల్లగా తల తిప్పింది. బల్ల మీద, డబ్బా మూత పక్కన, దీనమ్మ ఎడమచెయ్యి ఉంది.

"మగ్గంల నలగలే," అంది దీనమ్మ. "చిలుకమ్మ ఇంట్ల పిలిచే పేరు, కాశిబుగ్గల ఇప్పటికీ అందరు గట్లనే పిలుస్తరు. గీ దవాఖానల ఐదేండ్లు మందు తిన్న. తక్కువైనంక గీడనే పని ఇచ్చిన్రు. మొట్టమొదలు నా ఫైలే సూసుకున్న, కార్డు పోయే వరుసల ఉన్నది. పోగు తెచ్చి కట్టిన. అదే మొదటి దారం. తర్వాత అందరికి కట్టుకుంట వచ్చిన."

"యోసేపు మామకు..." లిదియా అడగబోయి ఆగింది. దీనమ్మ పెనిమిటి యోసేపు పోయి నాలుగేళ్లయింది.

"తెల్వది. ఇరవై నాలుగేండ్లు కాపురం జేసినం. ఆయనకు చెప్పకుంటనే మట్టిల వెట్టిన. కొడుక్కు తెల్వది, కోడలుకు తెల్వది. ఐదు నెలల మనుమరాలు, నా పొట్ట మీదనే పండుకుంటది. కార్డొస్తే కోడలు తిట్టేటి మనిషి గాదు. పిల్లను మాత్రం నా చేతికియ్యదు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే వినడం కష్టమైంది. రెండు రోజుల నుంచి ఎవరి ఇల్లు కూలుతుందో అని తను కుమిలిపోతుంటే, ఆ ఇంటావిడ తన పక్కనే కూర్చుని ఊరుకోమని ఓదార్చింది. లిదియాకు ఆమెను కావలించుకోవాలనిపించింది. నిజంగానే అనిపించింది.

దీనమ్మ సర్వపిండిని రెండు ముక్కలు చేసింది. రోజూ లిదియా తుంచుకునే పని ఇవ్వాళ తనే చేసి, ఒక ముక్క ఎడమచేత్తో ఆమెకు అందించింది.

"తిను. పొద్దట్నుంచి ఏం తిననట్టున్నవ్."

లిదియా చేయి చాచింది. చాచిన చేయి ఆ ముక్కకు బెత్తెడు దూరంలో ఆగింది.

ఆపాలని ఆపలేదు. ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట నయమైన రోగం అని తెలుసు. అంటదని డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పగా విన్నది. నాలుగు నెలల నుంచి అదే చేతి ముద్ద తిన్నది. అయినా ఆగింది, ఒక్క రెప్పపాటు. అంతలోనే గబుక్కున ముక్క అందుకుని నోట్లో పెట్టుకుంది, అంత తొందరగా ఎప్పుడూ తినలేదు. కానీ దీనమ్మ చూసింది. ముప్పై ఏళ్లుగా మనుషుల చేతులు ఎక్కడ ఆగుతాయో చూస్తూ వచ్చిన మనిషి ఆమె.

"గిందుకే బిడ్డా, దారం," అంది నెమ్మదిగా. కోపంగా అనలేదు.

లిదియా నోట్లో ముక్క నమలలేక, మింగలేక, తెర వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు, అక్షరాలు కనబడటం లేదు. మీటలు తడుముకుంటూ అట్రిబ్ కొట్టింది. ప్లస్ ఆర్ కొట్టింది. నూట పద్దెనిమిది కొట్టింది. జాబితా తెప్పించి చూసింది. నంబరు పక్కన ఆర్ వచ్చింది. వెనక నుంచి రోజూ వినిపించే "ఆఁ" అన్న మాట ఇవ్వాళ రాలేదు. దీనమ్మ అప్పటికే డబ్బా మూసుకుని, చేయి కడుక్కోవడానికి లేచి వెళ్లింది.

మూడింటికి రెండువందల డెబ్బయ్ ఒక్క కార్డులు పోస్టుకు పోయాయి. దారం ఉన్న నలభైమందికి కబురు ఎలా చేర్చాలో దీనమ్మకు తెలుసు. రెండు గురువారాలు గేటు దగ్గర కూర్చుంది, రానివాళ్ల ఊళ్లకు బస్సెక్కి వెళ్లి వచ్చింది. కొత్త మందు రోజున మరిపెడ కట్టయ్య లారీ ఆపుకుని మరీ వచ్చాడు.

కార్డులు పోయిన మరునాడు, మంగళవారం, ఒంటిగంటకు దీనమ్మ సంచీలోంచి రెండు డబ్బాలు తీసింది. ఒకటి తన ముందు పెట్టుకుంది. ఇంకొకటి, కొత్త స్టీలుది, మూత గట్టిగా బిగించినది, లిదియా ముందుకు జరిపింది.

"కోడలు చేసింది. నేను ముట్టలే," అంది.

మామూలుగానే అంది, ఇవ్వాళ ఎండ ఎక్కువున్నది అన్నట్టుగా. అందులో దెప్పిపొడుపు లేదు. లిదియాకు అమ్మ చెప్పిన మాట, సబ్బు బిళ్ల, నీళ్ల సీసా, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. క్షమించు పెద్దమ్మా అనాలనుకుంది. అంటే దీనమ్మే మళ్లీ తనను ఓదారుస్తుందని తెలిసి, అనలేదు.

కొత్త డబ్బాను పక్కకు నెట్టింది. బల్ల మీదుగా చేయి చాచి, దీనమ్మ ముందున్న డబ్బాలోంచి, ఆమె కొరికి పెట్టిన సర్వపిండిని తుంచుకుంది. దీనమ్మ ఆమె ముఖం వైపు చూడలేదు, చేతి వైపే చూస్తూ కూర్చుంది. చేయి ఆగలేదు.

బుధవారం కూడా దీనమ్మ రెండు డబ్బాలు తెచ్చింది, మూత బిగించినది లిదియా ముందుకు జరిపింది.